రాగి పలక మీద జంట కొంగలు

హాల్‌బాఖ్
9 ఏప్రిల్ 1933, ఆదివారం

ఒరేయ్ మోరిట్స్!

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. మా హుగో మన సంఘానికి నాయకుడయ్యాడు! అధ్యక్షుడు అనకూడదట ఇప్పుడు, నాయకుడనే అనాలట, కొత్త ప్రభుత్వం పద్ధతి అది. ఏదైతేనేం. హాల్‌బాఖ్ కత్తెర తయారీదారుల సంఘానికి నాయకుడు, సానవాడు ఎవాల్డ్ టెష్షె కొడుకు! ఈ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను. నాలుగేళ్ళ బడి చదువు చదివిన నా చేతిరాతలో కూడా అందంగానే కనపడుతోంది.

శుక్రవారం సాయంత్రం హాల్లో కుర్చీలు చాలలేదు. యజమానులంతా నల్లకోట్లు వేసుకుని వచ్చారు. బతుకంతా వాళ్ళ కత్తెరలకి పదును పెట్టిన నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నాకు చెవులెక్కడివి, సాన ఎప్పుడో తినేసింది. అయినా హుగో పెదాల మీద నుంచి ఒక్క మాట జారిపోనివ్వలేదు. మనిద్దరం వాగు ఒడ్డున సానపాకలో, ఆ రాళ్ళ హోరులో, పెదాలు చూసి కబుర్లు చెప్పుకున్న విద్య ఊరికే పోలేదురా. నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఉక్కు కొలిమి యజమాని బ్రూనో వెర్త్ మోచేత్తో పొడిచాడు. "ఏం పెద్దాయనా, ఆ ఏడుపేంటి? నీ కొడుకు గద్దెక్కాడు గానీ గాడీ కింద పడలేదు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బెర్లిన్‌లో పెద్ద పరిశ్రమల సంఘమే నాజీ ప్రభుత్వం వెంట నడుస్తానని మాటిచ్చిందట. ఉక్కువాళ్ళు, బొగ్గువాళ్ళు, రంగులవాళ్ళు, అంతా. ఇక కత్తెరలవాళ్ళం మనమెంత? ఇంటికొచ్చాక హుగో అన్నాడు: "నాన్నా, వాళ్ళు వచ్చి తలుపు బద్దలుకొట్టేదాకా ఆగితే ఇల్లు వాళ్ళదైపోతుంది. మనమే తీసి రమ్మంటే ఇల్లు మన చేతిలో ఉంటుంది." ఎంత తెలివి చూడు! నాకు ఆ వయసులో రాయి ఎటు తిరుగుతుందో చూసుకోవడమే సరిపోయేది.

మా ఆవిడ మీనా వాఫిల్స్ వేసింది. పాలలో ఉడికించిన బియ్యం, పైన చెర్రీలు. నువ్వు లేవు కనుక గిన్నె అడుగు గీకేవాళ్ళు లేక మిగిలిపోయింది. అన్నట్టు, ఎనిమిది రోజుల కిందట ఎవరో ఆకతాయిలు నీ కొట్టు తలుపు మీద ఏదో రాశారు. మీ మేస్త్రీ లాంగె, నేను కలిసి కడిగేశాం. తలుపు పచ్చరంగు కాస్త ఊడింది, అంతే.

మీ ఆవిడ రొజాలీకి సముద్రపు గాలి పడిందా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ సెలవు పెట్టనివాడివి, పెడితే ఇంత పొడుగు సెలవా? త్వరగా రా. హుగోని ఆ కుర్చీలో నువ్వు చూడాలి.

నీ
ఎవాల్డ్

*

ఆమ్‌స్టర్‌డామ్
17 ఏప్రిల్ 1933

ప్రియమైన ఎవాల్డ్,

కూర్చునే చదివాను. నువ్వు మూడుసార్లు చదువుకున్న వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను, కనుక నీకన్నా ఒక మెట్టు కిందే ఉన్నాననుకో. హుగోకి నా అభినందనలు చెప్పు. వాడి మొదటి ఉద్యోగం నా ఆఫీసులో ఉత్తరాలు రాయడం. "సవినయంగా" అన్న మాట లేకుండా ఒక్క ఉత్తరమూ రాసేవాడు కాదు. ఇప్పుడు రాసే ఉత్తరాల్లో ఆ మాట ఉంటోందా?

మా అమ్మాయి ఎల్సె ఇంట్లో నాలుగో అంతస్తులో ఉన్నాం. మెట్లు నిచ్చెనలా ఉంటాయి. రొజాలీ పైకెక్కింది గానీ ఇంతవరకు దిగలేదు. ఇక్కడివాళ్ళు హెరింగ్ చేపని తోక పట్టుకుని, తల పైకెత్తి, పచ్చిదే తింటారు. నేనూ ప్రయత్నించాను. చేప గెలిచింది.

నీ ఉత్తరంలో ఒకటి వెతికాను, దొరకలేదు. హుగోని ఎన్నుకున్నప్పుడు సుత్తులు ఎన్ని మోగాయి? హాల్లోని రాగి పలక మీద ఇరవై మూడు మంది యజమానుల ముద్రలున్నాయి, ముద్రకొక సుత్తి. అందులో ఒక సుత్తి నాతో ఇక్కడే ఉంది. ఇక్కడ ఎవరూ కొట్టలేదు.

మేస్త్రీ లాంగె రాశాడు, మూడు వారాలుగా వెర్త్ కొలిమి నుంచి మా కొట్టుకి కత్తెర రెక్కలు రావడం లేదట. అడిగితే సంఘం కొత్త చీటీ తెమ్మంటున్నారట. నా కొట్టులో పదకొండు మంది ఉన్నారు. ఉక్కు రాకపోతే వాళ్ళు సాన పట్టడానికి తమ గోళ్ళే మిగులుతాయి. హుగోని అడిగి చెప్పు.

తలుపు మీద ఏం రాశారో నువ్వు రాయలేదు.

నీ
మోరిట్స్

*

హాల్‌బాఖ్
3 మే 1933

ఒరేయ్ మోరిట్స్!

మేడే నాడు నువ్వుండాల్సింది! ఊరంతా ఊరేగింపు. సంఘం జెండా ముందు, జెండా ముందు హుగో, హుగో వెనకాల యజమానులు, వాళ్ళ పక్కనే మాలాంటి సానవాళ్ళు. ఎప్పుడైనా చూశావా ఇలాంటిది? వెర్త్ నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. ఆ చెయ్యి బరువు ఇంకా నా భుజానికి తెలుస్తూనే ఉంది. మర్నాడు మా సానవాళ్ళ యూనియన్ ఆఫీసుకి తాళం పడింది. యజమాని, పనివాడు అన్న తేడా ఇక లేదట, అందరిదీ ఒకే ఇల్లట. నా సభ్యత్వ పుస్తకం ముప్పై ఆరేళ్ళ నాటిది. ఇమ్మన్నారు, ఇచ్చేశాను. మీనా మాత్రం ఆ రోజంతా ఆ పుస్తకం ఉండే సొరుగు మూయనివ్వలేదు. ఆడవాళ్ళకి ఈ సంగతులు ఏం తెలుస్తాయి!

ఇక నువ్వు అడిగిన మాట. సుత్తులు మోగలేదు, చేతులెత్తారు. కాగితాల పని ఇంకా కాలేదని హుగో చెప్పాడు. ఇక్కడినుంచి వాడు రాయమన్నట్టే రాస్తున్నాను, నీకు సందేహం ఉండకూడదని. నీకు తెలియనివి కావు. పలక మీద ముద్ర ఉన్న ప్రతివాడూ బల్ల మీద సుత్తి దెబ్బ కొడితేనే సంఘం నియమావళి మారుతుంది. ఒక్క సుత్తి మోగకపోయినా మారదు. ఒకరి ముద్ర ఇంకొకరు తీసెయ్యకూడదు. ఎవరిది వాళ్ళే, తమ చేత్తో, ఉలితో అడ్డగీత పెట్టాలి. అలా గీత పెట్టిన ముద్ర ఏడాదీ ఒక రోజూ నిద్రపోతుంది. దాని ఉక్కు అచ్చు ఒక కాపలాదారు దగ్గర ఉంటుంది. సొంతదారు తిరిగొస్తే లేపుకుంటాడు. ఆలోగా వేరేవాడు ముట్టుకోకూడదు.

ఇప్పుడు బెర్లిన్‌వాళ్ళు, యూదుల ముద్ర పలక మీద ఉన్న సంఘాన్ని చేర్చుకునేది లేదంటున్నారు. మన పలక మీద యూదుడివి నువ్వొక్కడివే. నిజం చెప్పనా, నువ్వు యూదుడివన్న సంగతి నాకు ఎవరో చెప్తే తప్ప తట్టదు! బలవంతం చేశారన్న మాట రాకూడదట. అందరూ తమంతట తాము, ఏకకంఠంతో అన్న కాగితం వెళ్ళాలట. అందుకని నువ్వొక్కసారి వచ్చి నీ ముద్ర మీద, ఆ జంట కొంగల మీద గీత పెట్టి వెళ్ళు. ఏడాదే కదా! ఈ వేడి ఏడాదిలో చల్లారుతుందని హుగోయే అన్నాడు.

అసలు సంగతి ఆఖరికి దాచాను. ముద్రకి కాపలాదారుగా ఎవరుంటారో తెలుసా? నేను! హుగో ఒప్పుకున్నాడు. మా వంశంలో ఎవడికీ ముద్ర లేదు, తాతల నుంచీ అందరం పరాయివాళ్ళ కత్తెరలు నూరినవాళ్ళమే. మీ తాత చెక్కించిన అచ్చు నా బీరువాలో, నా పెళ్ళి కోటు పక్కన ఉంటుంది. రోజూ నూనె రాస్తాను. కొడుకు నాయకుడు, తండ్రి కాపలాదారు! ఈ వయసులో ఇంత సంతోషం ఒక మనిషికి తగునా మోరిట్స్?

నీ
ఎవాల్డ్

*

ఆమ్‌స్టర్‌డామ్
12 మే 1933

ఎవాల్డ్,

నీ ఉత్తరాలన్నీ రొజాలీకి చదివి వినిపిస్తాను. ఇది వినిపించలేదు.

మా తాత ఆ అచ్చు చెక్కించిన రోజున సంఘం హాలు గుమ్మం దాటడానికి ఆయనకి అనుమతి లేదు. బయట నిలబడి, కిటికీలోంచి లోపలికి ఇచ్చి, పలక మీద కొట్టించుకున్నాడు. మా నాన్న గుమ్మం దాటాడు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. మూడు తరాలు పట్టింది ఎవాల్డ్, కిటికీ నుంచి బల్ల దాకా. ఇప్పుడు లేచి నా చేత్తో నన్ను బయటికి తోసుకొమ్మంటున్నావు, అది కూడా నవ్వుతూ.

నేను గీత పెట్టను. పెట్టనంతకాలం వాళ్ళు పాత నియమావళి మార్చలేరు. నా ఒక్క సుత్తికీ అంత బరువుందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఒక పని చెయ్యి. మార్చి ఇరవై ఎనిమిదిన మా ఇంటి మెట్ల మీద నిలబడి నాతో ఏం చెప్పాడో హుగోని అడుగు. నేను సెలవు పెట్టి రాలేదు.

మోరిట్స్

*

హాల్‌బాఖ్
20 మే 1933

ఒరేయ్ మోరిట్స్,

అడిగాను. భోజనాల దగ్గర, మీనా ముందే అడిగాను. వాడు చెంచా కింద పెట్టి అన్నాడు: "మోరిట్స్ మామయ్యని కొన్నాళ్ళు సముద్రం దగ్గరికి వెళ్ళమన్నాను నాన్నా. అత్తయ్యకి గాలి మార్పు కావాలి. ఊళ్ళో గొడవలుగా ఉంటే ఆయన గుండె తట్టుకోదు." చూశావా! ముందే ఆలోచించాడు నీ కోసం. నాకు కడుపు నిండిపోయింది. మీనా మాత్రం గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. దాని తీరే అంత ఈ మధ్య.

నీ కోపం నాకు అర్థమవుతుంది. మీ తాత కిటికీ సంగతి నాకు ఇన్నాళ్ళూ చెప్పనేలేదు నువ్వు. కానీ అప్పటివాళ్ళు వేరురా, మనం వేరు. ఇక్కడ నీ మీద ఎవరికీ ద్వేషం లేదు. సంఘం బతకాలి, అంతే. కత్తెర చూడు, రెండు రెక్కలూ ఒకదానికి ఒకటి దారిస్తేనే కదా తెగుతుంది.

కొట్టు సంగతి చెప్పాలి. రాయకూడదనుకున్నాను. ఉక్కు రాక మీవాళ్ళు పదకొండు మందీ రెండు వారాలుగా ఖాళీగా ఉన్నారు. సానవాడు పీటర్ ఇంటికి వెళ్ళాను. పొయ్యి మీద బంగాళదుంపల తొక్కు ఉడుకుతోంది. దుంపలు కావు, తొక్కు. వాడి భార్య నన్ను కూర్చోమనలేదు. "మీ అబ్బాయిని అడగండి, మేం ఏం తినాలో కూడా ఆ నియమావళిలో రాసి ఉందేమో" అంది. పీటర్ "నోర్ముయ్యవే" అన్నాడు గానీ నా మొహం చూడలేదు. నువ్వు గీత పెట్టిన మర్నాడే వెర్త్ ఉక్కు పంపిస్తాడు. పదకొండు మందినీ అలాగే ఉంచుతారు. ఇది హుగో నాకు చేతిలో చెయ్యేసి చెప్పాడు. అచ్చు నా దగ్గర, పని మీవాళ్ళ దగ్గర, పేరు ఏడాది తర్వాత మళ్ళీ నీ దగ్గర.

నేను హామీ ఉంటాను మోరిట్స్. నీకు చదువున్నవాళ్ళ హామీలు చాలా ఉండి ఉంటాయి. నాది సానవాడి హామీ. పదునుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

వచ్చే నెల హుగోని బెర్లిన్ పిలిచారు! పెద్ద పెద్ద ఫ్యాక్టరీలవాళ్ళ పక్కన కుర్చీ వేస్తారట. ఈ కాగితం చేతిలో ఉంటే వాడు తలెత్తుకుని వెళతాడు. నా బిడ్డ కోసం కూడా అడుగుతున్నాను, సిగ్గు లేకుండానే అడుగుతున్నాను.

నీ
ఎవాల్డ్

*

ఆమ్‌స్టర్‌డామ్
29 మే 1933

ఎవాల్డ్,

పీటర్ ఇంట్లో తొక్కు సంగతి రాయకుండా ఉంటే నేను గెలిచేవాణ్ణి.

జూన్ ఎనిమిది, గురువారం, పొద్దుటి రైలుకి వస్తాను. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాను. ఎల్సె వద్దని ఏడుస్తోంది. రొజాలీ ఏడవడం లేదు, ఇస్త్రీ చేసిన నా చొక్కాని మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. ఏడాదీ ఒక రోజూ అన్న మాట మా నాన్న కాలంలో ఒక్కసారీ తప్పలేదు. దాన్ని నమ్ముకుని వస్తున్నాను. వాళ్ళు లాక్కుంటే పోతుంది. నేనే నిద్రపుచ్చితే ఉంటుంది.

ఒకటే షరతు. నేను గీత పెట్టేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడాలి. హుగో మాట మీద కాదు, నీ మాట మీద వస్తున్నాను.

మోరిట్స్

*

హాల్‌బాఖ్
11 జూన్ 1933

ఒరేయ్ మోరిట్స్!

ఎంత గౌరవంగా జరిగిందిరా! నాకు ఇంకా ఒళ్ళు జలదరిస్తోంది. హాలు నిండా జనం, ఒక్కడు మాట్లాడలేదు. నువ్వు పలక దగ్గరికి నడుస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. అలా నా పెళ్ళికి కూడా ఎవరూ లేవలేదు. నీ నల్ల కోటు, నీ తెల్ల చొక్కా, ఎంత హుందాగా ఉన్నావు! ఒక్క దెబ్బతో గీత పడింది. నీ చెయ్యి ఇంకా సానపాకలో ఉన్నప్పటి చెయ్యే. తర్వాత హుగో కాగితం చదివాడు, నువ్వు సంతకం పెట్టావు, ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. పేపర్లో వేశారు! అందులో నువ్వు సగమే పడ్డావు గానీ నా తల పూర్తిగా కనిపిస్తోంది.

వెళ్ళేముందు నువ్వు అచ్చు నా చేతిలో పెట్టినప్పుడు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.  నువ్వు గీత పెట్టేటప్పుడు జనం తోసుకురావడంతో నీ పక్కకి చేరలేకపోయాను, వెనకాల గోడ దగ్గర ఇరుక్కుపోయాను. నువ్వేం అనుకోవు కదా?

ఇంటికి వస్తావని మీనా పొద్దున్నుంచి వాఫిల్స్ పిండి కలిపి కూర్చుంది. నువ్వు తిన్నగా స్టేషన్‌కి వెళ్ళిపోయావట. కనీసం కాఫీ అయినా తాగాల్సింది. ఇంత దూరం వచ్చి గుమ్మం దాకా రాకపోవడం ఏమిటి?

నువ్వు వెళ్ళిన గంటకే ఇరవై రెండు సుత్తులూ ఒక్కసారి మోగాయి. బల్ల అదిరింది, ఆ అదురు నా బూట్లలోంచి పైకి పాకింది. కొత్త నియమావళి వచ్చేసింది. శుక్రవారం వెర్త్ ఉక్కు పంపాడు, మాట నిలబెట్టుకున్నాడు. అచ్చుకి నూనె రాశాను. నిశ్చింతగా ఉండు.

నీ
ఎవాల్డ్

*

ఆమ్‌స్టర్‌డామ్
22 జూన్ 1933

ఎవాల్డ్,

నువ్వు రాసిన సభకి నేను కూడా వెళ్ళి ఉంటే బాగుండేది. నేను వెళ్ళింది వేరే సభకి.

నేను వెళ్ళినదాంట్లో, వాళ్ళు లేచింది నా వైపు వీపు తిప్పడానికి. ఒక్కడు మాట్లాడలేదన్నావు. వెర్త్ గట్టిగానే అన్నాడు: "వణుకుతోందిరోయ్ చెయ్యి! ముసలి యూదుడికి ఉలి బరువు ఇప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ లాభమే మోశాడు." అందరూ నవ్వారు. హుగో నవ్వలేదు. వాడు గడియారం చూసుకుని, "రోజెన్‌దాల్ గారూ, కాస్త తొందరగా కానివ్వండి, ఫోటోగ్రాఫరు కాచుకుని ఉన్నాడు" అన్నాడు. మామయ్యా అని పిలిచే నోటితో. మార్చిలో మా మెట్ల మీద నిలబడినప్పుడు మాత్రం మామయ్యా అనే అన్నాడు: "మామయ్యా, రాత్రికి రాత్రే వెళ్ళిపోండి. మీరిక్కడ ఉంటే ముందు సంఘంలో నా ఉద్యోగం పోతుంది." గాలి మార్పు సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. ఇన్నాళ్ళూ నీకు రాయకపోవడానికి కారణం ఒకటే, నువ్వు అంత సంతోషంగా ఉన్నావు.

నువ్వు వినలేదు, సరే. నీకు చెవులు లేవు. కానీ ఎవాల్డ్, నువ్వు సానవాడివి. వెర్త్ నీకు ఎదురుగా నిలబడ్డాడు.

ఉలి ఎత్తినప్పుడు నేను వెనక్కి తిరిగి నిన్ను చూశాను. నువ్వు గోడ దగ్గర ఇరుక్కోలేదు. నీ ముందు ఇద్దరు పట్టేంత ఖాళీ ఉంది. సానపాకలో మాట్లాడుకున్నట్టే, గొంతు లేకుండా, పెదాలతో అన్నాను: "ఎవాల్డ్, నా పక్కకి రా." రెండుసార్లు అన్నాను. నువ్వు చూశావు. తర్వాత తల దించుకున్నావు. నా చెయ్యి వణికింది అప్పుడే, వెర్త్ అన్నట్టు ఉలి బరువుకి కాదు.

ఇంకొకటి. దీన్ని ఇద్దరం చూసుకోలేకపోయాం, నేను కూడా. ఏడాదీ ఒక రోజూ అన్నది పాత నియమావళిలోని మాట. ఆ నియమావళిని బతికించి ఉంచింది నా ఒక్క ముద్ర. దాని మీద గీత పడిన గంటకి ఆ నియమావళే లేదు. లేని నియమం ఏడాది పాటు ఎలా కాపాడుతుంది? మూడు తరాలకి ఆ బల్ల దాకా వచ్చినవాళ్ళకి తప్ప ఇంత తెలివితక్కువ నమ్మకం ఇంకెవరికీ ఉండదు. వీధిలో తిరిగే బేరగాడు కూడా ముందు కాగితం చదివేవాడు.

మిగిలింది నీ చేతిలోని అచ్చు. అది లేకుండా జంట కొంగలు ఎవరూ కొట్టలేరు. వాగులో పారెయ్యి. దాచకు, నాకు పంపకు, పారెయ్యి. మా తాత పేరు మీద వెర్త్ కత్తెరలు అమ్మకూడదు. నేను అడిగేది ఇంక ఇదొక్కటే.

మోరిట్స్

*

హాల్‌బాఖ్
2 జులై 1933

మోరిట్స్,

అచ్చు నా దగ్గర లేదు.

నీ ఉత్తరం రాకముందే, పద్దెనిమిదో తారీఖున, హుగో వచ్చి చెయ్యి చాపాడు. "నాన్నా, కొత్త నియమావళిలో కాపలాదారు అన్న పదవి లేదు. అచ్చులన్నీ నాయకుడి దగ్గర ఉండాలి." నేను వాడి పెదాలు చూస్తూ కూర్చున్నాను. ఏడాది అన్నావు కదరా అని అడగాలి. అడగలేదు. బీరువా తీసి ఇచ్చాను. ఇస్తూ, జాగ్రత్త, నూనె రాసి ఉంది, కోటుకి అంటుకుంటుంది అన్నాను. అంతే అన్నాను.

జంట కొంగలు ఇప్పుడు వెర్త్‌వి. కొత్త నియమావళి కింద కొట్టు కూడా అతనిదే. పదకొండు మందిలో పీటరుతో కలిపి ఏడుగురిని ఉంచాడు. లాంగెని తీసేశాడు, నీ తలుపు కడిగినందుకు. కడిగింది ఇద్దరం. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాయకుడి తండ్రిని కదా.

తలుపు మీద ఏం రాశారని అడిగావు. "యూదుల దగ్గర కొనకండి" అని ఎర్రరంగుతో రాశారు. రాసినవాళ్ళలో ఒకడు నాకు తెలుసు, వాడి తండ్రికి నేను సాన పట్టడం నేర్పాను. కడుగుతూ లాంగెతో, మోరిట్స్‌కి ఆకతాయిల పని అని రాస్తాను, బాధపడతాడు అన్నాను. లాంగె అన్నాడు: "ఆయన బాధపడతాడనా, మీ అబ్బాయి ఎన్నిక పాడవుతుందనా?" అప్పుడు వాడి మీద కోపం వచ్చింది.

హాల్లో అన్నీ చూశాను. వెర్త్ అన్న ప్రతి మాటా చదివాను. నువ్వు రెండుసార్లు అన్నావు, రెండుసార్లూ చదివాను. నా ముందు ఖాళీ ఉంది. ఏడు అడుగులు ఉంటుందేమో. ఒక కాలు కదిలింది కూడా. అప్పుడు హుగో నా వైపు చూశాడు. కోపంగా కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు చూసేవాడు చూడు, అలా. నువ్వు నడిస్తే నాకు ఇదంతా పోతుంది నాన్నా అన్నట్టు. నా కాలు వెనక్కి వచ్చేసింది. తర్వాత ఇంటికొచ్చి, ఎంత గౌరవంగా జరిగిందో నీకు మూడు రోజులు కూర్చుని రాశాను. అలా రాస్తే అలాగే జరిగినట్టవుతుందని.

మీనా నీ ఉత్తరాలన్నీ మొన్న చదివింది. నాతో ఒకటే మాట అంది. "వాఫిల్స్ పిండి ముందు పెట్టుకుని సాయంత్రం దాకా నన్నెందుకు కూర్చోనిచ్చావ్? ఆయన రాడని నీకు హాల్లోనే తెలుసుగా." నిన్నటి నుంచి అది దాని చెల్లెలి ఇంట్లో ఉంటోంది.

హుగో బెర్లిన్ నుంచి రేపు వస్తున్నాడు. పెద్దవాళ్ళ పక్కన కూర్చున్న ఫోటో ముందే పంపించాడు, గోడకి తగిలించాను. స్టేషన్ దగ్గర బ్యాండు పెట్టారు, వరసలో మొదట నేను నిలబడాలట. నిలబడతాను. వాడు రైలు దిగి టోపీ తీస్తాడు. నాకు తెలుసు, నా గుండె పొంగుతుంది. పొంగకుండా ఆపుదామని పొద్దున్నుంచి నీ ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడే పొంగుతోంది మోరిట్స్, ఇది రాస్తుండగానే.

నన్ను క్షమించమని అడగను. రేపు మళ్ళీ అదే గోడ దగ్గర నిలబెట్టినా, నేను వాణ్ణే చూస్తాను.

ఎవాల్డ్